ముక్కాయన గీసిన సున్నా

మా ఇంటి ద్వారబంధం పైన సుద్దతో గీసిన సున్నా ఒకటి ఉంది. దీపావళి ముందు తలుపులకు రంగు వేయడానికి వచ్చిన మనిషి ఇసుక కాగితం పట్టుకుని దానివైపు చెయ్యి ఎత్తాడు. "బా, యే మిటా దూం?" అన్నాడు. అమ్మా, చెరిపెయ్యనా అని. వద్దన్నాను. దాని చుట్టూ వేసుకుంటూ పొమ్మన్నాను. నడిమధ్యలో రంగు లేకుండా వదిలేస్తే బాగుండదని అతను రెండుసార్లు చెప్పాడు. బాగుండనక్కరలేదు, ఉంటే చాలు అన్నాను.

ఆ సున్నా గీసిన మనిషి పోయి అప్పటికి ఐదు రోజులు.

ఆయన పేరు మా వీధిలో ఎవరూ పలికేవారు కాదు. సూరత్‌లోని ఉధ్నాలో ఉన్న తెలుగువాళ్ళం ముక్కాయన అనేవాళ్ళం. గుజరాతీలు దవావాలా కాకా అనేవారు. ఇళ్ళలో ఎలుకలకు, నల్లులకు, బొద్దింకలకు, చెదలకు మందు కొట్టడం ఆయన పని. అంతకు ముందు నా మగనితో కలిసి ఒకే షెడ్డులో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. ఆ లెక్కన నాకు మరిది, నేను వదినెను. సాంచాలు వదిలి మందు పంపు ఎందుకు భుజానికెత్తుకున్నావని అడిగితే, "సాంచ చప్పుడుకు చెవులెట్లాగూ పోయినయి వదినె. ముక్కన్న మిగిలించుకోవాలె గదా" అనేవాడు.

ముక్కు పెద్దదేమీ కాదు. పేరు విని చూడటానికి వచ్చినవాళ్ళు నిరాశపడేంత మామూలు ముక్కు. కానీ ఆయన పనంతా దానితోనే. పిలిచిన ఇంటికి వచ్చేవాడు. పంపు బయట మోరీ పక్కన దించేవాడు. చెప్పులు విడిచి, గడప అవతలే నిలబడి, ద్వారబంధం మీద ఒక చెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. మూడు ఊపిరులు తీసేవాడు. మొదటిది పొయ్యి దగ్గరికి. రెండోది మంచం దగ్గరికి. మూడోది అటక మీదికి. ఎక్కడ నిలబడి తీసినా ఒకే గాలి కదా అని నేను ఒకసారి అన్నాను. "ఒకే పప్పుల ఉప్పు వేరే, కారం వేరే తెలుస్తలేదా నీకు?" అన్నాడు.

కళ్ళు తెరిచి చెప్పేవాడు. నల్లులుంటే కుళ్ళిన కొత్తిమీర వాసనట. బొద్దింకలుంటే పాత నూనెగుడ్డ వాసనట. ఎలుకలైతే తడిసిన గోనెసంచి. ఇల్లు అద్దంలా ఉంచుతానని చెప్పుకునే ఒకామె గడపలో నిలబడి మూడు ఊపిరులూ తీసి, "ఫ్రిజ్ ఎనుక ఒక ఆలుగడ్డ పడ్డది, తీయమ్మా" అన్నాడు. ఆమె నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆలుగడ్డ మాత్రం దొరికింది.

ఒక ఆదివారం నాలుగు కుటుంబాలం కలిసి డుమస్ వెళ్ళాం. సముద్రం వైపు ఎవరూ చూడకముందే అందరూ భజియా బండి దగ్గర చేరారు. ఈయన బండి ముందు నిలబడి అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి, "నూనె మొన్నటిది" అన్నాడు. హిందీలో కూడా చెప్పాడు, బండివాడికి అర్థం కావాలని. బండివాడు జల్లిగరిటె ఎత్తాడు. అయినా అందరూ తిన్నారు. నేను తినలేదు. నూనె గురించి కాదు, ఇంట్లో పొద్దున చేసిన రొట్టెలు మిగిలి ఉన్నాయి.

మందు కొట్టేవాడికి మందంటే ఇష్టం ఉండాలని అనుకుంటాం. ఆయనకు లేదు. "ముందు కడుగుడు, తర్వాత మూసుడు, తర్వాత ఎండ. మందు ఆఖరిది" అనేవాడు. ఇంటివాళ్ళ చేత పొయ్యి గట్టు కింద కడిగించేవాడు. బొక్కల్లో గాజుపెంకులు కలిపిన సిమెంటు నింపించేవాడు. పరుపులు ఎండలో వేయించేవాడు. అంతసేపూ తను పంపు మీద కూర్చుని, "అటు మూల, అటు మూల" అని వేలు చూపేవాడు. చివరికి పంపు ఎత్తి నాలుగు మూలలా నాలుగుసార్లు చిమ్మి దించేవాడు. పనంతా మాతో చేయిస్తాడని కొందరు సణిగేవారు. నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది. మందు తక్కువ, ఒళ్ళు వంచడం ఎక్కువ.

ఎలుకలకు విషం బిళ్ళలు పెట్టడం మాత్రం అసలు ఒప్పుకునేవాడు కాదు. "బిళ్ళ పెడితే చస్తది, నిజమే. యాడ చస్తదో నిన్నడిగి చావది" అనేవాడు.

పని అయ్యాక పద్నాలుగు రోజులు ఆగి మళ్ళీ వచ్చేవాడు. మళ్ళీ మూడు ఊపిరులు. మూడూ శుభ్రంగా ఉంటే జేబులోంచి సుద్దముక్క తీసి ద్వారబంధం పైన సున్నా గీసేవాడు. ఏమీ లేదని అర్థం. రానురాను ఆ సున్నాకు విలువ పెరిగింది. ఆడవాళ్ళు ఎవరింటికైనా వెళితే ముందు తలెత్తి ద్వారబంధం చూసి తర్వాత లోపలికి అడుగుపెట్టేవారు.

మా ఇంటికి సున్నా రావడమే కష్టమైంది. కారణం నేనే.

మా అటక మీద ఏడు సంచులు ఉండేవి. చీరల మిల్లుల దగ్గర పారేసే కత్తిరింపులు, ఇక్కడ చిందీ అంటారు, ఏళ్ళ తరబడి ఏరి దాచాను. బొంతలు కుట్టాలని. ముక్కాయన వాటిని చూశాడు.

"వదినె, ఆ సంచులల్ల ఏమున్నయి?"

"గుడ్డ పీలికలు. బొంతలు కుడ్త."

"ఎప్పుడు?"

"తీరినప్పుడు."

"నీకు తీరేదాంక ఎలుకలు ఆగుతయా? అవి ఇప్పటికే కుట్టుకుని పండుకున్నయి. తీసెయ్యి."

"ఒక్కొక్క పీలిక ఏరిన. ఎట్ల పారేస్త?"

"పారేయకు. కుట్టు, లేకపోతే ఎవరికన్న ఇయ్యి. అటక మీద మాత్రం ఉంచకు. అది బొంత కాదు, ఎలుకల కాన్పుల ఆస్పత్రి."

మర్నాడే తీసేశానని చెప్పాను. తీయలేదు. సంచులను గోడవైపు జరిపి ముందు పాత ట్రంకుపెట్టె పెట్టాను. పద్నాలుగో రోజు ఆయన వచ్చాడు. మూడు ఊపిరులు తీశాడు. మూడోది కాస్త పొడుగ్గా తీసినట్టనిపించింది. నా ముఖం చూశాడు. సుద్ద తీసి సున్నా గీశాడు. గీత తిరిగి వచ్చి మొదట్లో కలిసే చోట వేలెడంత జాగా వదిలేశాడు. సుద్ద పొదుపు చేస్తున్నాడనుకున్నాను. ఆ గుణం కూడా నాకు నచ్చింది.

తర్వాత ఆ రోగం వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. ఎప్పుడూ చప్పుడుండే వీధి ఊరుకుంది. అద్దె గదుల్లో ఉండేవాళ్ళు తాళాలు వేసి ఊళ్ళకు పోయారు. తినుబండారాల బండ్లు, హోటళ్ళు మూతపడ్డాయి. మనుషులు ఊళ్ళకు పోయారు గానీ ఎలుకలకు ఊళ్ళు లేవు. అవి మా ఇళ్ళకు వచ్చాయి. లోకమంతా పని లేక కూర్చుంటే ముక్కాయనకు మాత్రం తీరిక లేకుండా పోయింది.

మా ఇద్దరికీ గొడవ మాస్కు దగ్గర వచ్చింది.

"మూతికి గుడ్డ కట్టుకుని రా" అన్నాను.

"గుడ్డ కట్టుకుంటే నాకు గుడ్డ వాసనే వస్తది వదినె. ఎలుక వాసనెట్ల వస్తది?"

"రాకుంటే మానె. మా ఇంట్ల ఆరుగురం ఉన్నం."

"మూడంటే మూడు ఊపిరులు. గంతల్నే వస్తదా రోగం?"

వస్తుందో రాదో అప్పుడు ఎవరికీ తెలియదు. చివరికి గడపకు మూడు బారల దూరంలో వీధిలోనే నిలబడాలని తేల్చాను. అక్కడ నిలబడి మాస్కు గడ్డం కిందికి లాగి, మూడు ఊపిరులు తీసి, మళ్ళీ పైకి లాక్కునేవాడు. మిగతా ఇళ్ళలో అంత పట్టింపు లేదు. గడప దాకా పోయేవాడు. రోగమున్నదని కార్పొరేషన్ చీటీ అంటించిన ఇళ్ళు విడిచిపెట్టేవాడు. చీటీ అంటించక ముందు ఆ ఇళ్ళలో ఏముందో ఆయన ముక్కుకు తెలిసేది కాదు.

రెండో ఏడు ఎండాకాలం నేనొక తప్పు చేశాను. అటక మీద రాత్రిళ్ళు ఉరుకుళ్ళు ఎక్కువయ్యాయి. ఆయన్ను పిలిస్తే సంచుల సంగతి బయటపడుతుంది. సైకిల్ మీద వచ్చేవాడి దగ్గర విషం బిళ్ళలు కొని ట్రంకుపెట్టె వెనుక పెట్టాను. ఉరుకుళ్ళు ఆగాయి. నాలుగో రోజున కంపు మొదలైంది.

కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అన్నం వార్చింది. ఐదో రోజు నాకు చెప్పకుండా ముక్కాయనకు ఫోన్ చేసింది. ఆయన వచ్చాడు. వీధిలో నిలబడ్డాడు. మాస్కు దించాడు. కళ్ళు మూసుకున్నాడు. మూడు ఊపిరులు. ఇంక అయిపోయింది, వీధి వీధంతా వినేలా నా పరువు తీస్తాడని నేను తలుపు చాటున నిలబడ్డాను.

"ఏం లేదు" అన్నాడు. "ఇల్లు మంచిగున్నది."

నన్ను కాపాడటానికి అబద్ధమాడాడనుకున్నాను. కానీ ఆయన నా వైపు చూడటం లేదు. కొంగు అడ్డం పెట్టుకున్న నా కోడలిని చూస్తున్నాడు. మళ్ళీ కళ్ళు మూసుకుని నాలుగో ఊపిరి తీశాడు. నాలుగోది తీయడం నేనెప్పుడూ చూడలేదు.

"వదినె, వాసనొస్తున్నదా?" అన్నాడు.

"వస్తున్నది."

"ఎట్లాంటిది?"

"చచ్చిన ఎలుక."

ఆయన తలూపాడు. అప్పటికే ఆ రోగం వస్తే ముక్కు పోతుందని అందరికీ తెలుసు. మాస్కు పైకి లాక్కున్నాడు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాడు. "నేను నిలబడ్డ జాగ కడుగుండ్రి" అన్నాడు. పంపు మా మోరీ పక్కనే మరిచిపోయి వెళ్ళాడు. నేను ఆ జాగా కడిగాను. అటక ఎక్కి మూడో సంచిలో చచ్చిన ఎలుకను పట్టకారుతో తీసి పారేశాను. ఆ ఒక్క సంచి ఉతికి, ఆరేసి, మళ్ళీ అక్కడే పెట్టాను.

ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాడు. బతికాడు. అప్పుడు బతకడమంటే చిన్న మాట కాదు. సగమై తిరిగొచ్చాడు. నెల తిరక్కముందే పంపు కోసం మా ఇంటికి వచ్చాడు. ముక్కు వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నాడు. గడపల్లో నిలబడి మళ్ళీ కళ్ళు మూసుకోసాగాడు.

మా ఎదురింటికి సున్నా గీసిన వారానికే వాళ్ళ పిల్లల ఒళ్ళంతా నల్లుల దద్దుర్లు. మందులో నీళ్ళు కలుపుతున్నాడని ఎదురింటామె వీధి మధ్యలో నిలబడి అంది. ఆయన ఏమీ అనలేదు. ఎదురు మాట్లాడని మనిషి కాదు కనుక నాకు అనుమానం వచ్చింది. మర్నాడు కొంగులో ఇంగువ డబ్బా కట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"కళ్ళు మూసుకో" అన్నాను.

"ఎందుకు?"

"పెద్దదాన్ని చెప్తున్న. మూసుకో."

డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టాను. మూత తీయగానే ఆయన భార్య లోపలి నుంచి "ఇంగువ ఎవరు తెచ్చిన్రు?" అని అడగవలసింది. ఆ సమయానికి ఆమె నీళ్ళకు పోయింది.

"ఏంది ఇది?" అని అడిగాను.

ఆయన రెండుసార్లు ఊపిరి లాగాడు. "చక్కెర" అన్నాడు.

డబ్బా మూత పెట్టాను. కళ్ళు తెరిచి డబ్బా చూసి గోడకు ఆనుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు వదినె. పంపు కొట్టెటోళ్ళు సూరత్ నిండ ఉన్నరు. నన్ను పిలిచేది దీనికే" అని ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు. "ఇది పోయిందని తెలిస్తే రేపటి సంది నన్నెవరు పిలుస్తరు?"

"మరి తెలియకుండ ఎన్ని రోజులు నడిపిస్తవు?"

"అదే తెలుస్తలేదు."

ఇంగువ డబ్బా కొంగులో కట్టుకున్నాను. "రేపు ఎవరింటికి పోతున్నవో చెప్పు. నేను గూడ వస్త" అన్నాను.

అలా అరవై దాటాక ఇళ్ళు వాసన చూసే పని మొదలుపెట్టాను. నాకు చదువు నాలుగో తరగతితో ఆగింది. ఈ చదువు మాత్రం పూర్తిగా చదివాను. కుళ్ళిన కొత్తిమీర, పాత నూనెగుడ్డ, తడి గోనెసంచి. రాత్రిపూట మా ఇంట్లోనే సాధన చేశాను. ఆయన ఒక ఇంటి గడపలో కళ్ళు మూసుకుని నిలబడితే, నేను ఆ ఇంటామెతో ముచ్చట పెట్టుకుంటూ పక్కన నిలబడేదాన్ని. నల్లులైతే ఒకసారి దగ్గాలి, బొద్దింకలైతే రెండుసార్లు, ఎలుకలైతే మూడుసార్లు అని అనుకున్నాం. ఆ రోజుల్లో పరాయి గడపలో నిలబడి మూడుసార్లు దగ్గితే ఏమవుతుందో ఇద్దరికీ తోచలేదు. మొదటి ఇంటామె తలుపు వేసుకుని కిటికీలోంచి, "ముందు టెస్టు చేయించుకోండ్రి" అంది.

దగ్గులు మానేసి గాజులకు మారాం. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అది కుదిరింది. రోజంతా ఈ ముసలామె మందాయన వెంట ఎందుకు తిరుగుతుందని వీధిలో అడిగేవారు. "మా వదినెకు ఇంటికాడ తోస్తలేదట" అని ఆయన చెప్పేవాడు. నాకు తోచకపోవడం ఎప్పుడూ లేదు. ఏడాది పైగా ఆయన సున్నాల్లో ఒక్కటీ తప్పు పోలేదు. ఎదురింటామె కూడా మళ్ళీ పిలిచింది. గాజులు ఒకసారి కదిపాను.

ఆయన మాత్రం తగ్గిపోతూ వచ్చాడు. మెట్లెక్కితే ఆగేవాడు. ఈ ఏడు వానలు వెనకబట్టాక ఒక పొద్దున మా ఇంటికి వచ్చాడు. పంపు లేదు.

"మీ ఇంటి సున్నా వానకు తడిసింది. మళ్ళా గీయాలె" అన్నాడు.

అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. మొదటి ఊపిరి, రెండో ఊపిరి. గాజులు కదపలేదు. మూడోది తీశాను. తడిసిన గోనెసంచి. పరాయి ఇళ్ళలో ఏడాది పాటు పట్టుకున్న వాసన మా అటక మీద లేదని ఎలా అనాలి? గాజుల మీద చెయ్యి వేశాను. కదపకుండానే చెయ్యి తీసేశాను.

"ఎలుకలున్నయి" అన్నాను, నోటితోనే. "అటక మీద. నా సంచులల్ల. నేను తీయలే."

ఆయన కళ్ళు తెరవలేదు. "ఇప్పుడా చెప్పుడు?" అన్నాడు.

"నీకెప్పటి సంది తెలుసు?"

"నాకు ముక్కున్నప్పటి సంది తెలుసు."

"మరి సున్నా ఎందుకు గీసినవు?"

"యాడ గీసిన? మంచిగ చూడు." కళ్ళు తెరిచి పైకి వేలు చూపాడు. వేలెడంత జాగా. "అండ్లకెల్లి ఎలుక పోతది."

నేను వీధిలోకి వచ్చి ఎదురింటి ద్వారబంధం చూశాను. దాని పక్కదీ చూశాను. అన్నీ మూసిన సున్నాలే. ఇన్నేళ్ళు ఆ మనిషి సుద్ద పొదుపు చేస్తున్నాడని మెచ్చుకున్నాను.

ఆ రోజే ఏడు సంచులూ దించాం. మూడింటిలో ఎలుకలు కాపురముంటున్నాయి. అవి కాల్చేశాం. మిగతా నాలుగూ వేడినీళ్ళలో ఉడికించి ఎండలో పరిచాను. ఆయన వీధిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, "అటు మూల, అటు మూల" అని వేలు చూపాడు. అటక బొక్కలో గాజుపెంకుల సిమెంటు నేనే నింపాను. అంతా అయ్యాక సున్నాను మళ్ళీ దిద్దాడు. జాగా అలాగే వదిలాడు.

"ఇంకా ఎందుకు?" అన్నాను.

"పద్నాలుగు రోజులు ఆగాలె గదా. మా వదినె అని రూలు మారుతదా?" సుద్దముక్కను మా గోడ గూట్లో పెట్టాడు. "ఈడనే ఉండని. వచ్చినప్పుడు మూస్త."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. ఉడికించిన పీలికలతో నేను ఒక బొంత మొదలుపెట్టి ఉన్నాను. సగమైంది. ఆయన భార్యకు ఇచ్చాను, మిగతా సగం ఆమె కుట్టుకుంటుందని. ముక్కు సంగతి ఆమెకు తెలుసో లేదో నేనడగలేదు.

రంగు వేసే మనిషి వచ్చింది పద్నాలుగో రోజున. సాయంత్రం అతను వెళ్ళిపోయాక గూట్లోంచి సుద్దముక్క తీశాను. కోడలు స్టూలు తెచ్చి వేసింది. స్టూలు ఎక్కకముందు వీధిలోకి వచ్చి, చెప్పులు విడిచి, ద్వారబంధంలో రంగు అంటని చోట చెయ్యి ఆనించి, రంగు వాసనను ఒక పక్కకు తోసి కళ్ళు మూసుకున్నాను.

మూడో ఊపిరి శుభ్రంగా ఉంది. అటక మీంచి ఏమీ రాలేదు. రెండోదీ శుభ్రమే. మొదటిది ఇంకోసారి తీయవలసి వచ్చింది. పాత నూనెగుడ్డ. పొయ్యి గట్టు కింద, ఎడమ మూల.

"ఏమైందత్తమ్మా? గీస్తలేరు?" అంది కోడలు, స్టూలు పట్టుకుని.

సుద్దముక్క మళ్ళీ గూట్లో పెట్టాను.

"గట్టు కింద బొద్దింకలున్నయి" అన్నాను. "ముందు కడుగు."